చిలకముక్కు మడత

మైదుకూరులో ఏ ఇంట్లో ఎవరు ఎట్లా నిద్రపోతున్నారో పోలీసులకు తెలియదు, పక్కింటివాళ్ళకు తెలియదు, మౌలాబీకి తెలుసు. అదేమంత గొప్ప విద్య కాదు. వాళ్ళది పరుపుల అంగడి. మొగుడు ఖాసిం సాహెబ్ దూదేకే మిషను దగ్గర కూర్చుంటాడు, ఆమె పాత పరుపుల గలీబులు విప్పుతుంది. గట్టిపడిపోయిన దూదిని మళ్ళీ ఏకించుకోడానికి జనం పరుపులు తెచ్చి పడేసిపోతారు. కుట్టు తెంపి దూది బయటికి లాగేటప్పుడు ఆ ఇంటి సంగతులు కూడా కొన్ని ఊడి కిందపడతాయి. తెగిన పుస్తెలతాడు దొరికింది ఒకసారి. ఇంకోసారి కత్తిరించిన జడ, అడుగుదాకా.

ఒకసారి కూరగాయలు తరిగే కత్తి దొరికింది. తలవైపున, ఆడమనిషి పడుకునే పక్కన, చెయ్యి చాస్తే అందేంత లోతులో. ఆ కత్తి ఎవరికోసమని మౌలాబీ అడగలేదు. దూది ఏకించి, గలీబు నింపి, కత్తిని ఎక్కడిదక్కడ పెట్టి కుట్టేసి పంపించింది. ఆ తర్వాత ఆమెకు చాలా రోజులు అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుంటే ఆ కత్తే కనపడేది.

ఆ సంగతి కడుపులో దాచుకోలేకే ఆమె ప్రేమజ్యోతి దగ్గరికి పోయింది. ప్రేమజ్యోతి కడపలో ఆడవాళ్ళ సంఘంలో పనిచేస్తుంది. ఇంట్లో దెబ్బలు తినేవాళ్ళకు, మానం చెరచబడి నోరు విప్పలేనివాళ్ళకు వకీలును చూపిస్తుంది, డాక్టరును చూపిస్తుంది, స్టేషనుకు తోడు పోతుంది. వారానికొకసారి మైదుకూరు వచ్చి డ్వాక్రా ఆడవాళ్ళతో మాట్లాడేది. మౌలాబీ ఆమెను పక్కకు పిలిచి ఫలానా ఇంట్లో ఒక కత్తి ఉందని చెప్పింది. ఆ ఇల్లాలు అందులోంచి ప్రాణాలతో బయటపడింది. మొగుడు కూడా ప్రాణాలతోనే మిగిలాడు, అది వాడి అదృష్టం.

అప్పటి నుంచి మౌలాబీ ఇంటి వెనక గది సంఘానిది అయింది. ఆడవాళ్ళకు అండగా ఉండడమంటే వేదికలు, మైకులు, కొవ్వొత్తులు అనుకునేవాళ్ళు ఒకసారి ఆ గది చూడాలి. ఒక చాప, ఒక కడవ, ఒక చిన్న కిటికీ. సంఘం నడిపే ఆశ్రయ కేంద్రంలో చోటు లేనప్పుడో, కడపలో ఉంటే మొగుడు పసిగడతాడని భయమైనప్పుడో ప్రేమజ్యోతి ఎవరినో ఒకరిని ఇక్కడికి పంపేది. వచ్చినామె కుట్టు కూలికి వచ్చిందని వీధిలో చెప్పేవాళ్ళు. దూదేకులవాళ్ళ ఇంట్లో ఉత్తచేతులతో కూర్చున్న ఆడమనిషిని చూస్తే వీధి అంతా ప్రశ్నలడుగుతుంది. సూది పట్టుకున్నామెను ఎవరూ ఏమీ అడగరు. పైగా మిషను మోతలో ఎంత ఏడ్చినా బయటికి వినపడదు. ఆ మోతకే ఖాసిం సాహెబ్ చెవులు సగం పోయాయి.

"నీకు చెవుడు రావడం మంచిదేలే, లేకపోతే ఈ ఇంట్లో వినేటివి విని గుండె పగిలి సచ్చేటోడివి" అనేది మౌలాబీ.

"నీ మాటలు వినపడితే సాలు, సచ్చేదానికి వేరే ఏడుపులెందుకు" అనేవాడు ఆయన.

ప్రేమజ్యోతి పెట్టిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. ఫోను ఉండకూడదు. ఫొటో దిగకూడదు. కిటికీ దగ్గర నిలబడకూడదు. అసలు పేరు పలకకూడదు. అన్నీ మౌలాబీ తు.చ. తప్పకుండా పాటించేది. కుట్టు గురించి మాత్రం ఎవరికీ తట్టలేదు.

తనూజ వచ్చింది ఎండలు ముదిరేటప్పుడు. ఆళ్ళగడ్డ పక్క పల్లె ఆమెది. సన్నగా ఉంటుంది, ఎడమ చెవి వినపడదు, ఎవరైనా చెయ్యెత్తి తల గోక్కున్నా ఉలిక్కిపడుతుంది. మొగుడు ఓబుళేశు ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవరు. ఆమె మీద చేసిన పనులకు కేసు పెట్టారు గానీ, కోర్టులో ఆమె ఇంకా నోరు విప్పి చెప్పాల్సి ఉంది. చెప్పేదాకా బతికి ఉండాలి, అదే అసలు సమస్య. ఓబుళేశు ఆమె అన్న ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, నీళ్ళు అడిగి తాగి, ఒకే మాట చెప్పి వచ్చాడట.

"బావా, లారీ చక్రానికి కండ్లుండవు. ఆమె యాడన్నా రోడ్డు దాటుతా కనపడితే నా తప్పు కాదు."

తనూజ మొదట్లో గోడకు తిరిగి పడుకునే ఉండేది. మౌలాబీ ఆమె ఒళ్ళో పాత చీరలు పడేసి సూది చేతికిచ్చింది. తనూజది ఎడమచేతివాటం. ఆ చేత్తో ఆమె బొంత కుడుతుంటే చూడాలి. వరస వెంట వరస, గీత గీసినట్టు పోయేది. చివరికి మూలలకు వచ్చేసరికి ఎర్రగుడ్డ ముక్క తీసుకుని, రెండు మడతలు వేసి, కొస వంచి, చిలకముక్కు మాదిరి కుట్టి ఆపేది. వాళ్ళమ్మ కుట్టేదట అట్లా, వాళ్ళ అవ్వ కుట్టేదట. ఆ మూల కుట్టేటప్పుడు మాత్రమే ఆ పిల్ల ముఖంలో కాస్త నెత్తురాడేది.

ఆ మూలను చూసినప్పుడే విప్పించి ఉండాల్సింది. మౌలాబీకి ఆ ఆలోచన రాలేదని కాదు. ఇట్లాంటి మడత మన వీధిలో ఎవరూ వేయరే అనుకుంది, నిమిషం సేపు కత్తెర చేతిలో పట్టుకుని కూడా కూర్చుంది. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కుట్టుతో బతికిన మనిషి, అంత చక్కటి పనిని తెంపడానికి చెయ్యి రాలేదు. కత్తెర పక్కన పెట్టి, బొంతను మడిచి, అమ్మకానికి అంగట్లో వేలాడదీసింది. మరుసటి రోజే ఎవరో లారీ డ్రైవరు దాన్ని కొనుక్కుని పోయాడు.

ఓబుళేశు వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం. లారీని ఎదురుగా నాగలక్ష్మమ్మ టీ అంగడి పక్కన ఆపాడు. నుదుట కుంకుమ, ఉతికిన చొక్కా, చంకలో మడిచిన పాత బొంత. అంగట్లోకి వచ్చి దూది మూట మీద కూర్చున్నాడు. మనిషిని చూస్తే మర్యాదస్తుడిలా ఉన్నాడు. అతడు బొంత విప్పి పరిచాక, నాలుగు మూలలా ఎర్రటి చిలకముక్కులు కనపడ్డాక, మౌలాబీ తన చూపు వెనక్కి పోకుండా ఆపుకుంది. తనూజ వెనక గదిలో ఉంది. మధ్యన ఉన్నది ఒక గోడ, ఒక గుడ్డ తెర.

"అమ్మా, ఈ కుట్టు కుట్టినామె యాడుండాది?"

"ఏ కుట్టప్పా?"

"ఇదే, ఈ మూల. ఎర్రగుంట్లలో మావాడొకడు నీ తావ బొంత కొన్న్యాడు. దానికీ ఇదే మూల."

"అది నేనే కుట్టినా."

అతడు తలూపాడు. కోపం లేదు, తొందర లేదు. "అట్లయితే నా ముందర ఒక మూల కుట్టి చూపియ్యమ్మా. నాకు అట్లాంటిదే ఇంకొకటి కావల్ల" అన్నాడు.

మౌలాబీ ఎర్రగుడ్డ తీసింది. పిల్ల కుడుతుంటే పక్కన కూర్చుని చూసిన చూపే ఆ పూట ఆమెను ఆదుకుంది. రెండు మడతలు వేసింది, కొస వంచింది, కుట్టింది. నాగలక్ష్మమ్మ టీ తెచ్చిచ్చి, కొత్త మనిషిని ఎగాదిగా చూసి పోయింది. అతడు టీ ఊదుకుంటూ తాగి, గ్లాసు కింద పెట్టి, మౌలాబీ కుట్టిన మూలను తన బొంత మూల పక్కన పెట్టుకుని బొటనవేలితో తడిమాడు.

"మేము దినమూ లారీ మీద పట్టా పరిచి తాళ్ళు కట్టేటోళ్ళం గదమ్మా. ముడి చూస్తే ఎవురు కట్టినారో చెప్తాం. నీ కుట్టు ఇట్ల వాలుతాండాది. ఇది అట్ల వాలుతాండాది. ఇది పుర్రచేయి మనిషి కుట్టు."

ఖాసిం సాహెబ్ మిషను ఆపి, ఎవరో బేరానికి వచ్చారనుకుని, "ఏం కావల్లంటప్పా?" అని గట్టిగా అడిగాడు.

"ఏం లేదు సాహెబ్. ఈ బొంత రోంత పాతబడింది. నాలుగు మూలలకు గుడ్డ మార్చల్ల." ఓబుళేశు లేచి బొంతను మౌలాబీ ఒళ్ళో పెట్టాడు. "ఈడనే పెట్టిపోతాండా. శనివారం వస్తా. ఆ పుర్రచేయి మనిషితోనే కుట్టియ్యమ్మా. తొందరేం లేదు."

లారీ కదిలి పోయింది. ఆ శబ్దం పూర్తిగా ఆగిపోయాక కూడా మౌలాబీ లేవలేకపోయింది. కుట్టుపని మీద తనకున్న మోజే ఆ పిల్లను పట్టించిందని ఆమెకు తెలిసిపోయింది.

ఆమె బొంత పట్టుకుని వెనక గదిలోకి పోయింది. తనూజ మూలకు ఒదిగి, నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుని ఉంది. గొంతు గుర్తుపట్టింది. కానీ బొంతను చూడగానే ఆ పిల్ల కళ్ళు వేరేగా అయ్యాయి. కొంగు నోట్లోంచి తీసి, దాన్ని లాక్కుని, మధ్యలో చేత్తో నొక్కి నొక్కి చూసింది.

"పెద్దమ్మా, ఇది మా ఇంట్లో నేను కుట్టిందే. దీని లోపల ఉండాది."

"ఏముండాది బిడ్డా?"

"నా చీర. కడుపు పోయిన రోజు కట్టుకున్న్యాది. తన్నినాడు. ఆస్పత్రికి తీసకపోలే. ఆ రేత్రి గూడా నన్ను వదల్లే. చీర, రవిక చించి పారేసినాడు, పొద్దున కాల్చేయమన్న్యాడు. కాల్చేస్తే రేపు నేను చెప్పేది ఎవురూ నమ్మరనుకున్న్యా. యాడ దాచినా ఎతుకుతాడు. అందుకే బొంతలో పరిచి, పైన పాత చీరలేసి కుట్టి, లారీలో వేసుకోమని ఇచ్చినా. ఇన్ని దినాలూ దాని మీదనే పండుకున్న్యాడు."

మౌలాబీ ఎన్నో పరుపులు విప్పిన మనిషి. ఆ బొంత మీద చెయ్యి వేయడానికి మాత్రం ఆమెకు కాసేపు ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రమే ఖాసిం సాహెబ్ ట్రాలీ ఆటోలో పరుపులు ఎత్తుగా పేర్చి కట్టాడు. వాటి వెనక, సరుకు దింపడానికి పోయే కూలిమనిషిలా, తనూజ కూర్చుంది. పోయేముందు మౌలాబీ చేతులు పట్టుకుంది. మళ్ళీ చూస్తానో లేదో అనుకుని మౌలాబీ ఏడ్చింది, ఏడుస్తూనే ఆమె నెత్తి మీద గుడ్డ సరిచేసింది. ప్రేమజ్యోతి దారిలో కలిసి ఆమెను ఎక్కడికి తీసుకుపోయిందో మౌలాబీ అడగలేదు. తెలియకపోతే చెప్పే పని ఉండదు.

మరునాడు ప్రేమజ్యోతి మహిళా ఎస్సైని వెంటబెట్టుకుని వచ్చింది. సాక్షుల ముందర, ఫొటోలు తీస్తుండగా, బొంతను ఒక పక్క విప్పారు. లోపలి చీర నల్లబడి, అట్టకట్టి ఉంది. ఎస్సై చేతులకు తొడుగులు వేసుకుని దాన్ని తీసి సీలు వేసింది.

తర్వాత ఎస్సై చెప్పింది, "ఓబుళేశు ఫోను పనిచేస్తాలేదు. లారీ ఏ దారిన తిరుగుతాండాదో ఓనరుకే తెలీదంటాడు. వాడంతట వాడే ఈడికి వస్తానన్నాడు గదా, శనివారం మేము ఈడ ఉంటాం. అంతవరకూ ఈ బొంత విప్పినట్టు కనపడకూడదు."

"వాడు వేలు పెట్టి చూస్తాడమ్మా. నా కుట్టు పట్టేస్తాడు" అంది మౌలాబీ.

ప్రేమజ్యోతి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అక్కా, నీకు భయమైతే వద్దు. ఇంకో దారి చూద్దాం."

"భయం లేకుండా ఎట్లుంటుంది? ఉండాది. అయినా కుడతా."

ఆ రోజు నుంచి మౌలాబీ ఎడమచేత్తో సూది పట్టింది. పసిపిల్ల అక్షరాలు దిద్దినట్టు మొదట పాత గుడ్డ మీద కుట్టింది. వేళ్ళు తూట్లు పడ్డాయి. బొంతలో చీర తీసిన చోట తన పాత చీర ఒకటి పరిచి, తనూజ సూది పోయిన రంధ్రాల్లోంచే మళ్ళీ దారం పోనిచ్చింది. ఖాసిం సాహెబ్ మిషను ఆపి ఆమె వైపు చూసి, ఎగతాళి చేయబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. శుక్రవారం పొద్దుటికి ఒక్క మూల మిగిలింది.

శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజుకు ఆ బజారులో మగవాళ్ళందరూ మసీదుకు పోతారు. అంగళ్ళు సగం తలుపులు వేసి ఉంటాయి. మిషను ఆగిపోయి ఉంటుంది. మౌలాబీ ఒక్కతే కూర్చుని ఆ చివరి మూలకు ఎర్రగుడ్డ మడుస్తుండగా లారీ వచ్చి ఆగింది. శనివారం అని చెప్పినవాడు శుక్రవారం, అదీ ఆ గంటకే, ఎందుకు వచ్చాడో ఆమెకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఓబుళేశు లోపలికి వచ్చి తలుపు కాస్త దగ్గరికి వేశాడు. నేరుగా వెనక గది దాకా పోయి, తెర ఎత్తి చూశాడు. చాప, కడవ, కిటికీ. తిరిగి వచ్చి దూది మూట మీద కూర్చున్నాడు.

"యాడ పెట్టినావమ్మా ఆమెను?"

"ఎవురినప్పా?"

అతడు ఆమె చేతుల వైపు చూస్తున్నాడు. ఎడమచేతిలో సూది ఉంది.

"పుర్రచేత్తో గూడా కుడతావా?"

"కుడిచెయ్యి నొప్పి పుడితే దీంతో. మొన్న నొప్పి లేదు, అందుకే దాంతో కుట్టినా." ఇంత అబద్ధం ఇంత నిదానంగా తన నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "ఒక్క మూల మిగిలింది. కూచో అప్పా, అయిపోతాది."

అతడు బొంత అంచును తన మోకాళ్ళ మీదికి లాక్కుని బొటనవేలితో తడమడం మొదలుపెట్టాడు, ఒక కొస నుంచి. ఆ వేలు మెల్లగా, తను విప్పి కుట్టిన పక్కకు వస్తూ ఉండడం మౌలాబీ చూస్తూనే ఉంది. సూది దింపుతోంది, తీస్తోంది. ఆ ఒక్క మూలను ఎంతసేపు సాగదీయగలదో అంతసేపే తన ఆయుష్షు అనిపించింది. తలుపు సందులోంచి నాగలక్ష్మమ్మ టీ గ్లాసుతో లోపలికి వచ్చింది. మొన్నటి మనిషిని చూసింది, మౌలాబీ ముఖం చూసింది. గ్లాసు అక్కడే పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఖాళీ గ్లాసు చేతికి ఇచ్చేదాకా అక్కడే నిలబడి ఊరి కబుర్లన్నీ చెప్పే మనిషి ఆమె.

"శానా నిదానంగా కుడతాండావు అమ్మా" అన్నాడు ఓబుళేశు.

"వయసప్పా."

వేలు ఆ పక్కకు వచ్చింది. ఒకచోట ఆగింది. వెనక్కి పోయి, మళ్ళీ అక్కడికే వచ్చింది. అతడు తల ఎత్తలేదు. బొంతను రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అప్పుడు ఆమె వైపు చూశాడు. అంతవరకూ ఆ ముఖంలో ఉన్న మర్యాద పోయింది. దాని కింద ఉన్నదాన్ని తనూజ ప్రతిరోజూ ఎట్లా చూసి బతికిందో అని మౌలాబీ అనుకుంది.

"దీన్ని విప్పినావు. లోపల ఏం దొరికింది నీకు?"

అతడు లేచాడు. ఆమె చేతిలో ఉన్నది సూది ఒక్కటే, దాన్ని అట్లాగే పట్టుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. నాగలక్ష్మమ్మ, ఆమె వెనక టీ అంగట్లో కూర్చున్న ఆడవాళ్ళు, చేతిలో చీపురుతో ఒకామె, ఉత్తచేతులతో ఇంకొకామె. ఎవరూ కేకలు వేయలేదు. లోపలికి వచ్చి మౌలాబీ చుట్టూ కింద కూర్చున్నారు, ఏదో పేరంటానికి వచ్చినట్టు. ఓబుళేశు వాళ్ళను చూశాడు, తలుపు వైపు చూశాడు. అక్కడ కూడా ఆడవాళ్ళే ఉన్నారు. స్టేషనుకు నాగలక్ష్మమ్మ అప్పటికే ఫోను చేసి ఉంది, జీపు వచ్చేదాకా ఆడవాళ్ళెవరూ అక్కడి నుంచి కదలలేదు.

పోలీసులు చెయ్యి పట్టుకుంటే అతడు పెనుగులాడలేదు. గడప దాటుతూ మాత్రం ఆగి, మౌలాబీ వైపు తిరిగాడు.

"ఆ బొంత జాగ్రత్తగా పెట్టమ్మా. బయటికి వచ్చినాక తీసకపోతా."

అది ఉత్త మాట కాదని ఆమెకు తెలుసు. జైలుకు పోయినవాళ్ళు బెయిలు మీద రావడం, వచ్చినవాళ్ళు దారిలో కాపు కాయడం ఆమె చూడనివి కావు. పోలీసులు కొలుచుకుని రాసుకుని పోయాక బొంత అంగట్లోనే మిగిలింది. ఒక మూల కుట్టని బొంతను పై అరలో పెట్టింది. తనూజ కోర్టులో చెప్పింది, తలెత్తి చెప్పిందని ప్రేమజ్యోతి ఫోను చేసింది. మౌలాబీ సంతోషంతో ఏడ్చింది. ఆ రోజు కూడా బయట లారీ బ్రేకు పడితే సూది ఆపి వాకిలి వైపు చూసింది. ఇప్పటికీ చూస్తుంది.

"ఇంక ఎవరినీ పంపొద్దంటావా అక్కా?" అని ప్రేమజ్యోతి అడిగితే, "పంపించు, గది ఉత్తగానే ఉండాది గదా" అంది.

వానలు పడ్డాక ఒక పిల్ల వచ్చింది, కర్నూలు పక్క నుంచి. శిరీన్ అని చెప్పుకుంది, అసలు పేరు కాదు. అన్ని రోజులూ గోడకు తిరిగి పడుకుని, ఒక రోజు తనంతట తానే లేచి సూది అడిగింది. సాయంత్రానికి బొంత ఒక అంచు పూర్తి చేసి తెచ్చి చూపించింది. అంచు పొడవునా పచ్చదారంతో చిన్న చిన్న మామిడిపిందెలు, ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు. వాళ్ళ నాయనమ్మ నేర్పిందట. చూపిస్తూ ఆ పిల్ల నవ్వింది కూడా.

మౌలాబీ దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కత్తెర తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"శానా బాగుండాది బిడ్డా. విప్పు."